కూరచేప

పోర్ట్ బ్లెయిర్‌లో మిన్నీ బే ఒడ్డున తెలుగువాళ్ల పడవలు ఆగే చోట ఒక ఆనవాయితీ ఉండేది. వేట నుంచి పడవ రాగానే, తూకం వెయ్యకముందే, బేరం మొదలవకముందే, మగదిక్కు లేని ఇళ్లకు ఇంటికొక చేప పోవాలి. దాన్ని కూరచేప అనేవారు. శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చిన ఈ జనం వెంట వలలు తెచ్చుకున్నారు, ఇత్తడి బిందెలు తెచ్చుకున్నారు, అమ్మవారి పటం తెచ్చుకున్నారు. ఈ ఆనవాయితీని మాత్రం ఎవరూ మూటగట్టి తేలేదు, అదే వెంట వచ్చింది. అడగందే అమ్మయినా పెట్టదని సామెత. కూరచేపకు అడగడమన్నదే లేదు. తట్ట పట్టుకుని ఒడ్డున వరసలో నిలబడితే చాలు. అలా నిలబడ్డారంటే మా ఇంట్లో సముద్రం మీదికి వెళ్లే మగవాడు లేడని ఊరికి చెప్పినట్టే.

కామమ్మ ఆ వరసలో పదకొండేళ్లు నిలబడింది.

పద్దెనిమిదేళ్ల వయసులో, మెళ్లో పసుపుతాడు ఇంకా పచ్చగా ఉండగానే, విశాఖపట్నంలో ఓడెక్కి మూడు రోజులు వాంతులు చేసుకుంటూ పోర్ట్ బ్లెయిర్‌లో దిగిన మనిషి ఆమె. మొగుడు కన్నబాబు చెయ్యి తిరిగిన వేటగాడు. కొడుకు శ్రీనుకి నాలుగేళ్లు నిండిన ఏడాది తుఫాను గాలికి అతని డింగీ పడవ తలకిందులైంది. శవాన్ని మూడో రోజున ఒడ్డుకు తెచ్చారు. పుట్టింటివాళ్లు ఉత్తరం రాయించారు, వచ్చెయ్యమని. ఆమె వెళ్లలేదు. మళ్లీ ఆ ఓడ ఎక్కడం కంటే ఇక్కడ చావడం నయమని నవ్వుతూ చెబుతుంది గానీ, అసలు సంగతి అది కాదు. అక్కడికి వెళితే అన్నదమ్ముల దయ మీద బతకాలి. ఇక్కడ పడవలు చేప ఇస్తున్నాయి, దయ అనకుండా.

ఆ చేపలోనే ఆమె చేసిన మొదటి తప్పు కూడా ఉంది. కూరచేపను కూర వండుకోవాలి. కామమ్మ ఒకరోజు దాన్ని అమ్మేసింది. పిల్లాడికి జ్వరం, ఇంట్లో కిరసనాయిలు లేదు, చేతిలో మాత్రం రెండు కిలోల ఎర్రచేప. రోడ్డు మీదికి నడిచి ఎవరో సర్కారు ఉద్యోగికి ఇచ్చేసి వచ్చింది. పేట పేటంతా గుప్పుమంది. దానమిచ్చిన చేపను బజారుకెక్కించిందని ఆడవాళ్లు మూతులు తిప్పారు. ఇక మీదట ఆమెకు ఇవ్వకూడదని మగవాళ్లు కూడబలుక్కున్నారు. పెద్దమనిషి సూరయ్య, తాతల కాలం నాటివాడు, చుట్ట తీసి పక్కన పెట్టి ఒక్క మాటతో తేల్చేశాడు.

"ఇచ్చింది ఇచ్చీసాం. వొండుకుంటాదో అమ్ముకుంటాదో దాని ఇట్టం. ఇచ్చిన సేపకి తాడు కట్టుకుని ఒడ్డు నుంచి లాగుతారేట్రా?"

అంతటితో నోళ్లు మూతపడ్డాయి. కామమ్మ మర్నాడు కూడా అమ్మింది, ఆ మర్నాడు మరో నాలుగు చేపలు కొని వాటినీ అమ్మింది. నాలుగేళ్లు తిరిగేసరికి మార్కెట్టులో ఆమెకొక బల్ల దొరికింది. అందుకే దానం గొప్పదా బేరం గొప్పదా అని ఎవరైనా వాదించుకుంటుంటే ఆమె ఏ పక్షమూ చేరదు. రెండింటి ఉప్పూ తిన్నది మరి.

శ్రీను పదిహేనో ఏట బడి మానేసి పడవెక్కాడు. మొదటి వాటా ఇంటికి తెచ్చిన రోజు కామమ్మ తట్ట కడిగి బోర్లించి, వరసలోంచి తప్పుకుంది. ఆ రోజు ఆమె ఎంత గర్వపడిందో పేటలో వాళ్లందరికీ తెలుసు, ఎందుకంటే నెల రోజుల పాటు కనబడ్డ వాళ్లకల్లా చెప్పింది.

మార్కెట్టు గోడకు ఒక బోర్డు ఉంటుంది. ఏ చేప కిలో ఎంతకు అమ్మాలో సర్కారువారు దాని మీద రాయిస్తారు. పేదవాడి కంచంలో కూడా చేప ఉండాలన్నది ఆ బోర్డు ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కానీ సుర్మాయి లాంటి మేలురకం ఆ రేటుకు బల్ల మీద కనిపించేది కాదు. తెల్లారగానే హోటళ్లవాళ్లు వచ్చి బల్ల కింద నుంచి వేరే రేటుకు పట్టుకుపోయేవారు. ఎండెక్కాక వచ్చే కూలీలకు బోర్డూ, తారిణి అనే చవక చిన్నచేపా మిగిలేవి. చెయ్యెత్తు మనిషికి అరచెయ్యంత తారిణి. కామమ్మ కూడా బల్ల కింద అమ్మింది. అమ్మలేదని చెబితే ఆమే ఒప్పుకోదు.

ఒక్క మనిషికి మాత్రం ఆమె సుర్మాయిని బోర్డు మీది రేటుకే ఇచ్చేది. ఆయన షాదీపూర్‌లో ఉండే వెంకటాచలం మాస్టారు. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి, రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. కన్నబాబు పోయాక శ్రీనుని బడి అయిన తర్వాత ఇంట్లో కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించిన మనిషి. ముప్పై ఏళ్లుగా ప్రతి ఆదివారం వచ్చి, కళ్లజోడు సవరించుకుని బోర్డు చదివి, సరిగ్గా ఆ లెక్కే తీసి ఇచ్చి, సుర్మాయి ముక్కలు సంచిలో వేసుకునేవారు. "చూశావా కామమ్మా, రేటు కట్టడి ఉండబట్టి కదా నాలాంటి వాడు సుర్మాయి తినగలుగుతున్నాడు!" అనేవారు. ఆమె నవ్వి ఊరుకునేది. న్యాయం గోడ మీద లేదనీ, బల్ల వెనక పీట వేసుక్కూర్చుందనీ ఆయనకు తెలియదు.

పోయిన వానాకాలంలో చిరంజీవి పోయాడు. శ్రీను కొనుక్కున్న సొంత పడవ మీద ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నవాడు. రాళ్లలో చిక్కుకున్న లంగరు విడిపించడానికి నీళ్లలోకి దిగాడు, మళ్లీ తేలలేదు. రెండు రోజులు వెతికారు. శవం దొరకలేదు. శవం లేకపోతే చావు కాగితం లేదు, చావు కాగితం లేకపోతే సర్కారు సాయం లేదు. అతని పెళ్లాం భాను ఫైలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది. అందరూ మర్యాదగానే మాట్లాడారు. కొన్నేళ్లు ఆగాలన్నారు, రూలు అదే అన్నారు. భానుకి ఇరవై ఆరేళ్లు. కూతురు సింధూరికి నాలుగు. ఆ ఇంట్లో చిరంజీవిని కన్న ముసలితల్లి కూడా ఉంది, కళ్లు కనబడవు.

అప్పటి నుంచి శ్రీను పడవ వచ్చినప్పుడల్లా భాను తట్టలో అన్నిటికంటే పెద్ద చేప పడేది. కొంత వండుకునేది, కొంత అమ్ముకునేది. కామమ్మ దగ్గరుండి నేర్పింది, ఏ చేపను ఎలా కొయ్యాలో, ఏ ముక్కను ఎవరికి చూపించాలో. నాలుగు నెలలు అలా నడిచింది.

తర్వాత కంపెనీ వచ్చింది. బయటి దేశాలకు చేప పంపే కంపెనీ. దాని తరఫున గణేష్ అనే కుర్రాడు ఒడ్డున తిరిగేవాడు. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగువాడే, మాట మెత్తన, చెడ్డవాడు కాదు. లోకల్ రేటుకి దాదాపు రెట్టింపు ఇస్తామన్నాడు. ఐసు పెట్టెలు కంపెనీవే. పట్టిన ప్రతి చేపనూ వెంటనే పెట్టెలో పెట్టి, సముద్రం మీదే సీలు టేపు వెయ్యాలి. కంపెనీ షెడ్డులోనే విప్పాలి. దారిలో ఎక్కడ సీలు తెగినా ఆ వేట మొత్తం లోకల్ రేటే. శుభ్రం కోసమనీ తూకం కోసమనీ గణేష్ నచ్చజెప్పాడు. శ్రీనుతో పాటు ఆరు పడవలు ఒప్పుకున్నాయి. ఆ ఆరు పడవల నుంచీ కూరచేప ఆగిపోయింది. ఎవరూ ఆపమనలేదు, ఆపుతున్నామనీ ఎవరూ అనలేదు. మూత తెరవని పెట్టెలోంచి చేప ఎలా వస్తుంది?

శ్రీను రాయి గుండెవాడు కాదు. నెలకింత అని భానుకి డబ్బు పంపించాడు. మొదటి నెల ఆమె తీసుకుంది. రెండో నెల వెనక్కి పంపేసింది. ఎందుకే అని కామమ్మ వెళ్లి అడిగితే భాను గుమ్మంలో కూర్చుని, తల ఎత్తకుండా చెప్పింది.

"పెద్దమ్మా, సేప పడవిస్తాది. డబ్బు మొగోడిస్తాడు. నెలనెలా ఆ అన్న ఇంటి నుంచి డబ్బొస్తే ఈ పేటలో ఏటనుకుంటారో నీకు తెల్దా? మా అత్తకి కళ్లు లేవు గానీ సెవులున్నాయి."

ఇరవై ఆరేళ్లకు విధవ అయినదాని గురించి ఈ పేట ఏమనుకుంటుందో కామమ్మకంటే తెలిసినవాళ్లు లేరు.

ఆ ఆదివారం మాస్టారు మార్కెట్టుకు వచ్చేసరికి శ్రీను తల్లి బల్ల దగ్గరే నిలబడి టీ తాగుతున్నాడు. రేటు బోర్డు ఉంచాలా తీసెయ్యాలా అన్న విషయం మీద సర్కారువారు జనం అభిప్రాయాలు వింటారని అప్పటికే ఊరంతా తెలుసు. గురువూ శిష్యుడూ దాని మీదే పడ్డారు.

"తీసెయ్యమని చెప్తావటగా, శ్రీనూ?" అన్నారు మాస్టారు.

"సెప్తా మాస్టారూ. సీధా సెప్తా. గాలికీ వానకీ ప్రాణం పణం పెట్టి పట్టేది మేం. దాని రేటు ఫ్యాను కింద కూకుని రాసేది ఇంకొకలు. అత్త సొమ్ము అల్లుడి దానం కాదేటి ఇది? మీ జీతానికి డీఏ పెరిగినట్టు నా సేపకి ఎవడు పెంచుతున్నాడు, మీరే సెప్పండి."

మాస్టారు ఆ దెబ్బ తిన్నారు గానీ తగ్గలేదు. "నీ పడవ ఇంజను సగం ఎవరి సొమ్మురా? నువ్వు పోయించే డీజిల్లో సర్కారు వాటా లేదూ? అప్పుడు అత్త సొమ్మని గుర్తు రాలేదేం?"

"ఆ సగం వెనక్కి ఇచ్చేస్తా. నా సేప నాకొదిలెయ్యమనండి. బస్."

"వదిలేస్తే ఏమవుతుందో తెలుసా? ఈ దీవుల చుట్టూ సముద్రమే, ఈ దీవుల్లో ఉండేవాడికి చేప ముక్క ఉండదు. నేను సరే, ఏదో తింటాను. జెట్టీలో మూటలు మోసేవాడి సంగతేమిటి? వాడి పిల్లలకి?"

"జెట్టీ కూలీకి సర్కారు కూలి పెంచాల. కూలీ కడుపు నింపడానికి నా కడుపు కొడతారేటి? నేనూ బీదోడి కొడుకునే. మీకు తెల్దా?"

"తెలుసు కాబట్టే బాధగా ఉంది," అన్నారు మాస్టారు.

కామమ్మ సుర్మాయి కోస్తూ ఇద్దరి మాటలూ వింది. కొడుకు చెప్పింది అబద్ధం కాదు. మాస్టారు చెప్పిందీ అబద్ధం కాదు. అయినా ఇద్దరిలో ఎవరు గెలిస్తే భాను పొయ్యి మీద కూర ఉడుకుతుందో ఆమెకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. ముక్కలు సంచిలో వేసి ఇచ్చింది. మాస్టారు అలవాటుగా బోర్డు చదివి, ఆ రేటే ఇచ్చి, శిష్యుడితో మాట్లాడకుండా వెళ్లిపోయారు.

మీటింగు అబర్డీన్ బజార్ దగ్గర ఒక హాల్లో పెట్టారు. అమ్మేవాళ్లూ, పడవలవాళ్లూ, కొనేవాళ్లూ, నాయకులూ వచ్చారు. మార్కెట్టులో అందరికంటే పాత మనిషని కామమ్మను కూడా పిలిచారు. ఆమె భానుని వెంటబెట్టుకుని వెళ్లింది, ఎవరైనా పెద్ద ఆఫీసరు కంటబడితే ఫైలు సంగతి అడగవచ్చని.

మొదట ఒక నాయకుడు మాట్లాడాడు. రేటు ఒక్క రూపాయి కూడా పెరగనివ్వనన్నాడు, ఐసు ఉచితమన్నాడు, సముద్రంలో మొగుణ్ని పోగొట్టుకున్న ప్రతి ఆడబిడ్డకూ నెలనెలా పింఛను అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆయన మనిషొకడు వెనక నుంచి వచ్చి భానుని స్టేజీ పక్కన నిలబడమన్నాడు, ఫొటో కోసం. భాను కామమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "సావు కాగితం లేనోళ్లకి కూడా ఇస్తారేటి బాబూ ఆ పింఛను?" అని కామమ్మ అడిగింది. అతను కనుక్కుని చెబుతానని వెళ్లాడు, మళ్లీ రాలేదు.

తర్వాత కంపెనీ పెద్దమనిషి లేచాడు. ధర తనంతట తను నిలబడాలనీ, ఎవరి కష్టానికి వాళ్లకు ఫలం దక్కాలనీ, అప్పుడే అందరూ బాగుపడతారనీ హిందీలో చక్కగా చెప్పాడు. శ్రీను మాట్లాడాడు. మాస్టారు కాగితం మీద రాసుకొచ్చి చదివారు. అప్పుడు ఆఫీసరు కామమ్మ వైపు చూశాడు.

ఆమె మైకు పట్టుకోలేదు. నిలబడిన చోటి నుంచే గొంతెత్తింది. మార్కెట్టులో ముప్పై ఏళ్లు అరిచిన గొంతు, హాలుకు ఎక్కువే.

"నాకు సదువు లేదు బాబూ. బోరుడు మీద ఏటున్నాదో ఇంకొకలు సెప్తే తెలుసుకున్నాను. ఆ బోరుడు కింద ఇన్నేళ్లు కూకున్నాను గనక ఒక మాట సెప్తాను. మాస్టారూ, కోపం తెచ్చుకోకండి. మీకు సుర్మాయి ఇచ్చింది ఆ బోరుడు కాదు. నాను. ఆ రేటుకి అది ఇంకెవులికీ దొరకలేదు. కూలోడికి ఏనాడూ దొరకలేదు."

హాల్లో ఎవరో నవ్వారు. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు.

"నా కొడుకు సెప్పింది కూడా విన్నాను. కట్టం ఆడిది, సేప ఆడిది. నాను కాదన్ను. సేప ఆడిదే అయితే మరి పెట్టి మూత ఆడెందుకు తియ్యలేడు? కట్టడి వొద్దని అరుస్తున్నాడు. ఆ టేపు కట్టడి కాదేటి?"

శ్రీను నేల చూశాడు. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. "అమ్మా, బోర్డు ఉంచాలా, తియ్యాలా? అదొక్కటీ చెప్పండి, రాసుకుంటాం."

"అది నాకు తెల్దు బాబూ," అని కామమ్మ కూర్చుంది.

బయట మాస్టారు ఆమె కోసం ఆగి ఉన్నారు. ముఖం వాడిపోయింది. "ఇన్నేళ్లూ నాకు దానం చేశావన్నమాట," అన్నారు.

"దానమేటి మాస్టారూ? మా గుంటడికి మీరు అచ్చరాలు సెప్పారు."

"దానికి నేను డబ్బు తీసుకోలేదు కదా."

"నానూ తీసుకోలేదు," అంది కామమ్మ.

ఆయన షాదీపూర్ వైపు నడిచారు. ఇప్పుడు నిజం చెప్పి తను బావుకున్నదేమిటి అనుకుంది కామమ్మ. పెద్దాయన మనసు విరిగింది, కొడుకు తలవంచుకున్నాడు, భాను ఫైలు భాను చేతిలోనే ఉంది.

దారిలో భానుతో అంది. "ఎల్లుండి మావోడి పడవ వొస్తాది. తట్టట్టుకుని రా."

"ఇయ్యరని తెలిసి ఎందుకు పెద్దమ్మా?"

"నీ మొగుడు ఆ పడవ మీద పోయాడు. నిలబడ్డం నీ హక్కు. ఇస్తారో ఇయ్యరో ఆలు సూసుకుంటారు."

"ఒక్కదాన్నే నిలబడలేను," అంది భాను. "అందరూ నన్నే సూస్తారు."

కామమ్మ ఇంటిదాకా నడిచి, గుమ్మంలో ఆగి, "నానూ నిలబడతాన్లే," అంది.

ఆ మాట ఎంత బరువైనదో ఆ రెండు రోజులూ ఆమెకు తెలుస్తూనే ఉంది. తోడు వెళ్లడం వేరు, తట్ట పట్టుకుని వరసలో నిలబడడం వేరు. పెళ్లీడు దాటిన కొడుకు, పడవకు యజమాని, రోజూ తన చేతి అన్నం తినేవాడు ఉండగా నిలబడడమంటే, పదిమంది ముందు వాడు లేడని చెప్పడమే. పాపిష్టిదాన్ని, కన్నతల్లి చెయ్యాల్సిన పనేనా ఇది అని తనను తను తిట్టుకుంది. అన్నం సయించలేదు. అమ్మవారి పటం ముందు దీపం పెట్టి, కొడుకు ఆయుష్షు కోసం దండం పెట్టుకుంది. తెల్లారాక తట్ట తీసింది.

ఒడ్డున జనం మామూలుగానే ఉన్నారు. కంపెనీ బండి వచ్చి ఆగింది. గణేష్ కాగితాల అట్ట పట్టుకుని నిలబడ్డాడు. పాత డింగీల దగ్గర ఇద్దరు ముసలివాళ్లు తారిణి కోసం తట్టలు పట్టుకుని ఉన్నారు. కామమ్మ అటు వెళ్లలేదు. శ్రీను పడవ ఆగే చోటికి వెళ్లి, భానుని ముందు నిలబెట్టి, పక్కన తను నిలబడింది. వల ఏరుకుంటున్న ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. "కామమ్మప్ప ఎవుల పడవకి నిలబడింది?" అని ఒకామె అడిగితే, పక్కామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పడవ వచ్చింది. శ్రీను తాడు విసిరి మోకాల్లోతు నీళ్లలోకి దూకాడు. తల ఎత్తి చూశాడు. మొదట భాను, తర్వాత తల్లి, తర్వాత తల్లి చేతిలో తట్ట.

"అమ్మా, ఏటిది? ఇంటికెల్లు."

కూరచేపకు అడగడం లేదు. కామమ్మ మాట్లాడలేదు.

అతను నీళ్లలోంచి దగ్గరకు వచ్చాడు. ఎవరికీ వినబడకూడదని గొంతు తగ్గించాడు గానీ, ఒడ్డంతా నిశ్శబ్దంగా ఉండడంతో అందరికీ వినబడింది. "నాను సచ్చిపోయానేటమ్మా?"

కామమ్మకు ఇంటికి పారిపోదామనిపించింది. వాణ్ని దగ్గరకు తీసుకుని నూరేళ్లుండరా అని తల నిమరాలనిపించింది. రెండూ చెయ్యలేదు.

"సచ్చిపోయింది సిరంజీవిరా," అంది. "ఆడి పెళ్లాం కాళీ తట్టతో నిలబడింది. ముందది సూడు."

శ్రీను భాను వైపు చూశాడు. లంగరు దగ్గర దిగమని చిరంజీవికి చెప్పింది తనే. ఆ సంగతి అతను ఎవరితోనూ అనలేదు, తల్లితో తప్ప. గణేష్ ముందుకొచ్చి, బతిమాలుతున్నట్టే అన్నాడు. "శ్రీను భయ్యా, సీలు తెగితే పూరా మాల్ లోకల్. నా చేతిలో లేదు, ఊపర్ సే ఆర్డర్. రెండు మూడు సార్లయితే అగ్రిమెంటే పోతుంది. సోచో."

శ్రీను ఆలోచించాడు. రెండు రోజుల వేట, ఏడు పెట్టెలు. వెనక పడవలో ఇంకా నలుగురు కుర్రాళ్లున్నారు, వాళ్లకూ వాటాలున్నాయి. వెనక్కి తిరిగి వాళ్లను చూశాడు. వాళ్లలో ఒకడు నడుముకున్న కత్తి తీసి అందించాడు.

టేపు చరచరా తెగింది. గణేష్ తల అడ్డంగా ఊపి, అట్ట మీద లోకల్ అని రాసుకున్నాడు.

శ్రీను ఐసులోంచి ఎర్రచేపను తీశాడు. మూడు కిలోలకు తక్కువ ఉండదు. తెచ్చి భాను తట్టలో పెట్టాడు. బరువుకు తట్ట కిందికి వాలితే ఆమె రెండో చెయ్యి కూడా వేసింది.

అతను మళ్లీ పెట్టె దగ్గరకు వెళ్లి రెండో చేప తీశాడు. తల్లి ముందుకు వచ్చి నిలబడ్డాడు. కామమ్మ తట్ట చాచింది. అతను వెయ్యలేదు. చేపలోంచి నీళ్లు కారి అతని పాదాల మీద పడుతున్నాయి.

"నీకియ్యను," అన్నాడు. "నీకు కొడుకున్నాడు."

కన్నబాబు శవాన్ని ఇదే ఒడ్డున దింపినప్పుడు కూడా పదిమందిలో ఏడవని మనిషి కామమ్మ, ఖాళీ తట్ట గుండెకు ఆనించుకుని, అందరూ చూస్తుండగా గట్టిగా ఏడ్చింది.